నిలబడితేనే శ్రమా?

తల్లిదండ్రుల దేహదారుఢ్యం పుట్టబోయే బిడ్డ ఒంట్లో చక్కెర, కొవ్వుల తీరును మారుస్తుందన్న వార్త రాగానే సలహాల వాన మొదలైంది. కాబోయే అమ్మ రోజూ నడవాలట, నాన్న జిమ్‌లో చేరాలట. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కొలువు చేసే తెలుగు జంటలకు ఇదంతా తెలుసు. నడిచేందుకు పూట మిగలకపోవడమే వాళ్ల బాధ.

తండ్రి వ్యాయామం గురించి గట్టి రుజువులు చాలావరకు ఎలుకల మీదివే. చక్రంలో పరుగెత్తిన మగ ఎలుకల పిల్లలు గ్లూకోజును మెరుగ్గా వాడుకున్నాయని 2018లో శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్, గుడ్‌ఇయర్‌ల బృందం చూపింది. మనుషుల కథ అంత సులువు కాదు. 1990లలో పుణె పల్లెల్లో మొదలైన అధ్యయనంలో చాకిరీ ఎక్కువైన గర్భిణులకు చిన్న బిడ్డలు పుట్టారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో 1987–90 మధ్య గర్భిణులకూ పసివాళ్లకూ అదనపు ఆహారం అందింది. ఆ ఊళ్ల పిల్లలకు కౌమారంలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉందని 2008లో తేలింది. తిండి, విశ్రాంతి లెక్కలోకి రాకుండా ఒట్టి ‘ఫిట్‌నెస్’ గురించి మాట్లాడటం అరకొర చదువే.

పత్రికలు తాకని సంగతి చట్టం. గర్భిణి కోరితే ఆమెతో కష్టమైన పని, ఎక్కువసేపు నిలబడే పని, లేదా పిండం ఎదుగుదలకు ఏ రకంగానైనా అడ్డొచ్చే పని చేయించరాదని 1961 ప్రసూతి ప్రయోజన చట్టం నాలుగో సెక్షన్ అనేది. 2025లో దాని స్థానంలోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ 59వ సెక్షన్ కూడా అనేది దాదాపు ఇదే. గనులు, తోటలు, మిల్లుల కాలపు ఊహ అది; పది గంటలు కుర్చీకి అతుక్కుపోయే కొలువు పేరు అందులో లేదు. పైగా ఈ రక్షణ మొదలయ్యేది కాన్పుకు ఆరు వారాల ముందుండే నెల నుంచి, అంటే దాదాపు ముప్పయ్యో వారం నుంచి. గర్భిణికి చక్కెర పరీక్ష చేసేదేమో 24–28 వారాల మధ్య! మాయ రూపుదిద్దుకునేది అంతకన్నా ఎంతో ముందు.

సెక్షన్‌లో ‘పిండం ఎదుగుదలకు అడ్డొచ్చే పని’ అన్న చివరి మాటల్ని ముందున్న ‘కష్టమైన పని’కి కట్టేసి చదవాలని యాజమాన్యాల వకీళ్లు వాదించవచ్చు. నేనొప్పుకోను. శాసనకర్తలు ‘లేదా’ పెట్టింది వేరే దారి తెరవడానికే. కదలనివ్వని షిఫ్టు కూడా ఆ దారిలోకే వస్తుంది. తండ్రి సంగతి మరీ అన్యాయం, ప్రైవేటు ఉద్యోగి అయితే అతని ఊసే చట్టంలో లేదు.

రక్షణ మొదలయ్యే గడువును ముందుకు జరపాలంటే పార్లమెంటు పూనుకోవాలి. పనిగంటల విషయంలో కర్ణాటక అంతదాకా ఆగనక్కర్లేదు. ఐటీ పనిదినాన్ని 14 గంటలకు సాగదీసే ప్రతిపాదన 2024 జూలైలో అక్కడ చర్చకొస్తే ఉద్యోగ సంఘాలు ఎదురుతిరిగాయి. దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం రాష్ట్రానిదే. పనిగంటలకు కళ్లెం వేయకుండా జంటలకు నడక నేర్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.