మోటారు పెట్టె దగ్గర దీపమేదీ?

అనంతపురం: బోరు కింద సేద్యం చేసే రైతుకు కరెంటు ఏ వేళకు వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఆ వేళకు మోటారు పెట్టె దగ్గర వెలుతురు వుందా అన్నదీ అంతే ముఖ్యం. మొదటి ప్రశ్నపై అసెంబ్లీలోనూ, రచ్చబండ మీదా చర్చలు జరుగుతూనే వున్నాయి. రెండవది మాత్రం ఎవరికీ పట్టలేదు.

రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో మొదలైంది. చాలా ఏళ్లపాటు రోజుకు 7 గంటల సరఫరా జరిగింది. అందులో కొంత పగలు, కొంత రాత్రి. పగటిపూటే 9 గంటలు ఇస్తామని 2019లో ప్రభుత్వం ప్రకటించింది. అయినా రైతుకు చీకటి నడక పూర్తిగా తప్పలేదు. తెల్లవారుజామునే లైను వదిలితే కోడి కూయకముందే బయలుదేరాలి. సాయంత్రం ఫ్యూజు పోతే పొద్దుగూకాక పోయి చూసుకోవాలి. ఆటో స్టార్టరు మోటారును ఆడించగలదు గాని గేటు వాల్వు తిప్పలేదు, డ్రిప్పు ఫిల్టరు కడగలేదు. వీధి దీపం ఊరి చివరి ఇంటితో ఆగిపోతుంది. రైతుకు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ చీకటిలో వున్న ప్రమాదం చిన్నదేమీ కాదు. 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్లలో దేశంలో సుమారు 12 లక్షల మంది, అంటే సగటున ఏడాదికి 58 వేల మంది పాముకాటుతో మరణించి వుంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వీరిలో అత్యధికులు పల్లెవాసులే. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్య వానాకాలంలో జరిగినవే. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యానికి చేనిదారిలో వెలుతురు కూడా ఒక సాధనమే.

ప్రాణం తీసే బల్బు

వెనుక మందు సీసా మూతకు బెజ్జం వేసి, గుడ్డ ఒత్తి దూర్చి, కిరసనాయిలు పోసి బుడ్డి వెలిగించేవారు. గాలి విసిరితే అది ఆరిపోయేది, ఒలికితే అంటుకునేది. బుడ్డి పోయాక కొందరు రైతులు స్టార్టరు పెట్టెలోని ఒక ఫేజు నుంచి తీగ లాగి, రెండో కొనను ఎర్తు కడ్డీకి కట్టి బల్బు వెలిగిస్తున్నారు. ఇంతకంటె ప్రమాదకరమైన పని మరొకటి లేదు. ఎండిన నేలలో ఎర్తు సరిగా పనిచేయదు. అప్పుడు ఆ కడ్డీకీ, దానికి కలిసిన ఇనుప పెట్టెకూ కరెంటు పాకుతుంది. తడి చేత్తో తాకిన మనిషి బతకడం కష్టం. పైగా కరెంటు పోయిన వేళే దీపం కావాలి, ఆ వేళకే ఈ బల్బు ఆరిపోతుంది. ఇక సెల్‌ఫోను లైటు పట్టుకుంటే పనికి ఒక చెయ్యే మిగులుతుంది.

ఇంట్లో చేసుకునే దీపం

మోటారు సైకిలుకు పనికిరాదని తీసేసిన 12 వోల్టుల బ్యాటరీ చిన్న దీపానికి ఇంకా కొంతకాలం పనికొస్తుంది. బోర్డుల షాపుల్లో వాడే 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ ముక్క, ఒక స్విచ్చి, 2 ఆంపియర్ల ఫ్యూజు, రెండు రంగుల తీగ వుంటే చాలు. విడి ఎల్‌ఈడీని బ్యాటరీకి నేరుగా కలిపితే మాడిపోతుంది. పట్టీలో రెసిస్టరు ముందే అమర్చి వుంటుంది గనుక ఆ బాధ లేదు. ప్లస్ తీగను ప్లస్‌కే కలపాలి, తిరగేస్తే వెలగదు. ఫ్యూజును బ్యాటరీ ప్లస్ కొనకు దగ్గరగా పెట్టాలి. 12 వోల్టులు షాకు కొట్టకపోయినా, తీగలు ఒకదానికొకటి తగిలితే కాలి మంట లేస్తుంది. పట్టీని పాత టిఫిను డబ్బా మూతకు లోపలివైపు అంటించి, వెలుతురు పెట్టె మీదా కాలిబాట మీదా పడేటట్టు కొయ్యకు కట్టాలి. బ్యాటరీని వాన తగలని చోట, కొద్దిగా గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో వుంచాలి.

3 వాట్ల దీపం పావు ఆంపియరు తీసుకుంటుంది. 5 ఆంపియర్-అవర్ల పాత బ్యాటరీలో సగం సత్తువ మిగిలినా 10 గంటలు వెలుగుతుంది. రోజుకు ఒక గంట వాడి, నాలుగైదు రోజులకొకసారి చార్జి చేస్తే బ్యాటరీ మన్నుతుంది. చిన్న కంట్రోలరుతో 10 వాట్ల సోలారు పలక కలిపితే ఆ పనీ తప్పుతుంది. సంతలో కొన్న టార్చి చెడితే తరచు పారేయవలసిందే. దీనిలో ఏ ముక్క పోయినా ఊళ్లోనే మార్చుకోవచ్చు.

అయితే దీపం వుంది గదా అని చెప్పులు, చేతికర్ర మానరాదు. వెలుతురుకు పాము పారిపోదు. మనకు కనిపిస్తుంది, అంతే. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం చేయక, వెంటనే విషానికి విరుగుడు మందు వున్న ఆస్పత్రికి చేర్చాలి.

బాధ్యత ఎవరిది?

2019లో కేంద్రం తెచ్చిన కుసుం పథకం కింద వ్యవసాయ ఫీడర్లన్నిటికీ సౌర విద్యుత్తు అందితే పగటి సరఫరా నిలకడగా వుండవచ్చు. అంతవరకూ రైతు చీకట్లో నడవవలసిందేనా? కొత్త కనెక్షను ఇచ్చేటప్పుడు స్తంభం, తీగ, మీటరు లెక్క వేసే విద్యుత్ సంస్థలు పెట్టె దగ్గర ఒక సోలారు దీపాన్ని కూడా ఆ లెక్కలో చేర్చడం పెద్ద భారం కాబోదు. లైన్‌మన్లు ఫేజు-ఎర్తు బల్బులను గుర్తించి తీయించాలి. ఐ.టి.ఐ. విద్యార్థుల చేత గ్రామాల్లో ఈ దీపాల తయారీ నేర్పించవచ్చు. అధికారులు కదిలేదాకా ఆగనక్కరలేదు. పాత బ్యాటరీ ఇంట్లో వున్న రైతు ఈ దీపాన్ని ఒక పూటలో తయారు చేసుకోగలడు.