ఇన్సులిన్ ఆఖరి మజిలీ కాదు బాబూ!

మా పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర పనిచేసేవాణ్ని అడగండి, మిరప రైతునడగండి, ఇక్కడ ఆఫీసులో నా పక్కన కూర్చునే మేనేజర్ని అడగండి.. షుగరు విషయంలో అందరిదీ ఒకటే మాట: "సూది దాకా వచ్చిందంటే ఇక పనైపోయినట్టే!" బట్టీకీ సాఫ్ట్‌వేరుకీ ఇంత ఏకాభిప్రాయం ఇంకెక్కడా చూళ్లేదు. నాకు ఒళ్లు మండేదీ అక్కడే.

ఇన్సులిన్ తయారుచేసేవి క్లోమంలోని బీటా కణాలు. రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ వాటికి చాకిరీ పెరుగుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకునే శక్తి వాటికసలే తక్కువ. కొన్ని చస్తాయి, కొన్ని బతికుండీ ఇన్సులిన్ చెయ్యడం మానేస్తాయి. దాంతో చక్కెర ఇంకా పెరిగి, మిగిలినవాటిమీద మరింత భారం. మన భాషలో చెప్పాలంటే, పది సర్వర్లలో నాలుగు పడిపోతే లోడంతా మిగతా ఆరింటిమీద పడ్డట్టు. అప్పుడు "ఆ ఆరూ పోయాక చూద్దాంలే" అంటే మన ఉద్యోగం ఉంటుందా?

ఇన్సులిన్ సూది చేసేది ఆ లోడు తగ్గించడమే. 2008లో లాన్సెట్‌లో చైనా అధ్యయనం ఒకటి వచ్చింది. కొత్తగా టైప్ 2 బయటపడ్డ 382 మందిలో కొందరికి ఇన్సులిన్, కొందరికి మాత్రలు ఇచ్చారు. చక్కెర అదుపులోకొచ్చి రెండు వారాలు నిలిచాక అన్నీ ఆపేశారు. ఏడాది తర్వాత కూడా మందుల్లేకుండా అదుపులో ఉన్నవాళ్లు: ఇన్సులిన్ పంపు వాడినవాళ్లలో 51 శాతం, సూదులు వేసుకున్నవాళ్లలో 45, మాత్రలవాళ్లలో 27. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదు" అనే మేధావులు ఈ అంకెలకేమంటారో!

మనవాళ్లేమో ఏళ్లతరబడి వాయిదా వేసి, కళ్లూ కిడ్నీలూ దెబ్బతిన్నాక సూది మొదలెడతారు. నేరం మాత్రం సూది మీద. ఫైరింజను రాబట్టే ఇల్లు తగలబడిందన్నట్టు!

అయితే అందరూ రేపే సూదులు పొడిపించుకోవాలా? అక్కర్లేదు. చాలామందికి మాత్రలు, బరువు తగ్గడం సరిపోతాయి. 2017లో బ్రిటన్ వాళ్ల డైరెక్ట్ అధ్యయనంలో, గట్టిగా బరువు తగ్గించే పద్ధతి పాటించినవాళ్లలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగరు అదుపులోకొచ్చింది. ఎవరికేది అన్నది డాక్టరు తేల్చాలి. టైప్ 1 వాళ్లకి మాత్రం మొదట్నుంచీ ఇన్సులినే, ఆపితే ప్రాణానికే ముప్పు. నా గొడవల్లా ఒకటే: కణాలు ఇంకా మిగిలున్నప్పుడే ఏదో ఒకటి చెయ్యండి.

2023లో వచ్చిన ఐసీఎమ్మార్ లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, అంచుమీదున్నవాళ్లు 13.6 కోట్లు. షుగరు బయటపడేసరికే బీటా కణాల పనితనం దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్లోనే జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం అంచనా. హెల్త్ చెకప్ పీడీఎఫ్‌ని "బోర్డర్‌లైనే కదా" అని మూసేసే మిత్రులారా, మీకే చెప్తున్నా!

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "షుగరెంతుంది నాన్నా?" అని అడిగి ఊరుకోకండి. డాక్టరు సూది రాశాడా, రాస్తే ఎందుకు వద్దంటున్నారు అని కూడా అడగండి.