అడవి అంచు మాటలు – 31 : చేలో వేలాడుతున్న మహాభారతం



పోయిన వారం పోడు భూముల పట్టాల గురించి రాస్తానని మాటిచ్చి, ఈ వారం పాత సీడీల గురించి రాస్తున్నాను. తిట్టుకోకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఆస్తి గొడవేనని మీకే అర్థమవుతుంది.

మొన్న దుమ్ముగూడెం నుంచి చర్ల పోతుంటే రోడ్డు పక్క మొక్కజొన్న చేను కనబడింది. కంకులు పాలుపోసుకుంటున్నాయి. చిలకలు వాలకుండా రైతు చేను చుట్టూ తాడు కట్టి పాత సీడీలు వేలాడదీశాడు. ఎండకు తళతళ మెరుస్తున్నాయి. బండి ఆపి ఒక్కొక్కటీ తిప్పి చదవడం మొదలుపెట్టాను. రెండు సినిమా పాటలవి, ఒకటి కంప్యూటర్ పాఠాలది, మూడు బి.ఆర్.చోప్రా మహాభారతానివి.

"ఏందన్నా, చేనుకు దిష్టి పెడుతున్నావా?" అన్నాడు రైతు.

"కాదు బాబాయ్, ఇవెక్కడివి?"

"భద్రాచలంలో పాత సామాన్ల కొట్టోడు కిలోల లెక్కన ఇచ్చాడు. కావాలంటే తీసుకో. దాని బదులు ఇంకోటి కట్టిపో."

నా సంచిలో గీతలు పడి పనికిరాని సీడీలు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. మూడు కట్టి మూడు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి వేస్తే ఒక్కటీ ఆడలేదు. ఎండకు పైపొర పొట్టులా లేచిపోయింది.

నేను సీడీలు ఏరుకుంటానని దగ్గరివాళ్లకు తెలుసు. పాత టీవీ సీరియళ్లు, దూరదర్శన్ కోసం తీసిన చిన్న సినిమాలు ముఖ్యంగా. ఖమ్మంలో మూతబడుతున్న వీడియో షాపులు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన పోసిన కుప్పలు, స్క్రాప్ కొట్లు, ఇవే నా తీర్థయాత్రలు. పది రూపాయలకు దొరికేదాన్ని ఐదుకు బేరమాడి, మిగిలిన ఐదుతో టీ తాగుతాను. నా ట్రంకు పెట్టెలో ఇప్పుడు నూట అరవైకి పైగా డిస్కులున్నాయి. అందులో మన మనుషులు మనుషులుగా కనబడేవి లెక్కపెడితే పదకొండు.

ఈ వ్యాసం ఆ పదకొండు గురించి.

ముందు మిగతావాటి సంగతి చెప్పాలి. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా, ఆదివారం పొద్దున పూట వచ్చింది. మొత్తం 78 భాగాలు. అప్పుడు మా ఊళ్లో ఒకటే టీవీ, ఊరి పెద్ద ఇంట్లో. పెట్టెకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు మీట నొక్కేవాళ్లు. ఊరివాళ్లు వసారాలో చాపల మీద కూర్చునేవాళ్లు. మేం ప్రహరీ బయట నిలబడి గోడ మీద గడ్డం ఆనించి చూసేవాళ్లం. సీరియల్ అయ్యాక ప్రసాదం వచ్చేది. చేతికి చెయ్యి తగలకుండా పైనుంచి వేసేవాళ్లు. హిందీ వాళ్లకూ రాదు, మాకూ రాదు. ఆ ఒక్క విషయంలోనే అక్కడ సమానత్వం.

మా వైపు రాముడు పుస్తకంలో దేవుడు కాదు, పక్కింటివాడు. పర్ణశాలలో వాగు రాళ్ల మీద సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చూపిస్తారు. నవమికి భద్రాచలం దారులన్నీ నిండిపోతాయి. అలాంటి చోట ఆ సీరియల్ ఎంత లోతుకు దిగిందో చెప్పక్కర్లేదు. తర్వాత అది క్యాసెట్ అయింది, సీడీ అయింది, డీవీడీ పెట్టె అయింది. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో మళ్లీ టీవీలోకి వచ్చింది. వలస కూలీలు రోడ్ల మీద నడుస్తున్న రోజులవి.

అయినా ఆ పెట్టెను నేను పారెయ్యను. ఎందుకు పారెయ్యనో చెప్తాను. 1988లో ఆ సీరియల్ ముగిసినప్పుడు జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకి కులస్తులు. వాల్మీకిని తమ గురువుగా కొలుస్తారు. కథ పట్టాభిషేకంతో ఆగితే ఒప్పుకోం, వాల్మీకి ఆశ్రమం ఉన్న ఉత్తరకాండ కూడా తీయాల్సిందే అన్నారు. సమ్మె ఉత్తరాదిలో వేరే పట్టణాలకూ పాకింది. వీధుల్లో చెత్త పేరుకుంది. ప్రభుత్వం దిగొచ్చింది, ఉత్తర రామాయణం తీశారు. మనలో కొందరు ఈ సంగతి చెబితే నవ్వుతారు, దేవుడి సీరియల్ కోసం సమ్మె ఏంటని. నాకు నవ్వు రాదు. ఉత్తరకాండ అనగానే మనకు శంబూకుడు గుర్తొస్తాడు, నిజమే. కానీ ఈ దేశంలో చీపురు కింద పెడితే టీవీ కదిలిందన్నది కూడా నిజమే. తెర మీద తమ చోటు కోసం పని ఆపిన మనుషులు వాళ్లు. వాళ్లు అడిగినదానితో నాకు పేచీ ఉండొచ్చు. అడిగే హక్కుతో లేదు.

ఇక ఆ పదకొండులోకి వద్దాం.

ఖమ్మంలో ఒక వీడియో షాపు ఎత్తేస్తున్నారని తెలిసి పోయాను. గోనెసంచుల్లో నింపి పెట్టారు. అడుగున ఒక డిస్కు, కవరు లేదు, బొమ్మ లేదు. స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషు అక్షరాల్లో "సద్గతి" అని రాసుంది. పదిహేను రూపాయలు. ఎవరో టీవీలో వస్తుంటే రికార్డు చేసుకుని రైట్ చేసుకున్న కాపీ.

సద్గతి ప్రేమ్‌చంద్ కథ. సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం తీశాడు. గంట కన్నా తక్కువే. ఓంపురి, స్మితా పాటిల్. తోలుపని చేసే కులానికి చెందిన దుఖీ, కూతురి సంబంధానికి ముహూర్తం పెట్టించుకోవడానికి బ్రాహ్మడి ఇంటికి పోతాడు. జ్వరంతో లేచిన మనిషి, కడుపులో మెతుకు లేదు. అయ్యగారు వాకిలి ఊడవమంటాడు, పొట్టు మొయ్యమంటాడు, చివరికి ఒక పెద్ద మొద్దు చూపించి చీల్చమంటాడు. చీలుస్తూ చీలుస్తూ దుఖీ అక్కడే పడి చచ్చిపోతాడు.

దీన్ని మా వైపు ఒక హాస్టల్‌లో పిల్లలకు చూపించాను. తెలుగు మాటలు లేవు కాబట్టి పక్కన నిలబడి నేనే చెప్పుకుంటూ పోయాను. మాదిగ పిల్లలు, మాల పిల్లలు, కోయ పిల్లలు కలిసి కూర్చున్నారు. మొద్దు నరికే చోట ఒక కోయ పిల్లాడు లేచాడు.

"అన్నా, ఆ మొద్దుకు ముడి ఉంది. గొడ్డలితో ఎంత కొట్టినా చీలదు. మేకు దిగ్గొట్టాలి. ఆ ఇంటోళ్లకు తెలీదా?"

నేనేమీ అనలేదు. వాడే మళ్లీ అన్నాడు, "తెలిసే ఇచ్చారు."

ఇరవై ఏళ్లుగా ఆ కథ గురించి మాట్లాడుతున్నాను. సాహిత్య సభల్లో విన్నాను, నేనూ చెప్పాను. ఆ ముడి సంగతి ఎవరి నోటా అట్ట రాలేదు. అడవిలో కట్టె కొట్టినవాడికి తెలిసింది.

ఆ కథలో ఇంకో మనిషి ఉన్నాడు, ఒక గోండు. దుఖీ పడుతున్న అవస్థ చూసి ఆగి మాట్లాడేది అతనే. చనిపోయాక మన వాడకు పోయి, శవాన్ని ముట్టుకోకండి, ఇది ఊరికే పోయే సంగతి కాదు అని హెచ్చరించేదీ అతనే. వాడ అంతా కట్టుబడి ఉంటుంది. శవాన్ని ఎత్తడానికి ఎవరూ రారు. బావికి పోయే దారిలో శవం, పైన వాన. చివరికి అయ్యగారే కాలికి తాడు తగిలించి, ముట్టుకోకుండా ఈడ్చుకుపోతాడు.

భూమి దగ్గర, రిజర్వేషన్ దగ్గర మనల్నీ ఆదివాసీలనూ ఎదురెదురుగా నిలబెట్టే మాటలు ఈ అడవి అంచున రోజూ వింటున్నాం. ఆ రాత్రి ఆ పిల్లలు ఒక దళితుడి శవం పక్కన ఒక గోండు నిలబడటం చూశారు. ఉపన్యాసం నేను ఎంత బాగా చెప్పినా ఆ పని చెయ్యలేకపోయేవాణ్ణి.

అంత విలువైనది నాకు స్కెచ్ పెన్ను రాతతో, గోనెసంచి అడుగున దొరికింది. నా బాధ అదే. ఇది ప్రజల డబ్బుతో నడిచే దూరదర్శన్ కోసం తీసింది. 1988లో వచ్చిన తమస్ కూడా అంతే. భీష్మ్ సాహ్ని నవల, గోవింద్ నిహలానీ దర్శకత్వం. దేశ విభజన అల్లర్ల కథ తోళ్లు శుద్ధి చేసే నత్థూతో మొదలవుతుంది. పంది చచ్చేది అతని చేత్తో, చంపించింది ఇంకొకరు. దాన్ని ఆపాలని సుప్రీంకోర్టు దాకా పోయారు, కోర్టు ఆపలేదు. అదే ఏడాది శ్యామ్ బెనగల్ భారత్ ఏక్ ఖోజ్ మొదలైంది, 53 భాగాలు. 2014లో రాజ్యసభ టీవీ కోసం ఆయనే పది భాగాల సంవిధాన్ తీశాడు. అందులో సచిన్ ఖేడేకర్ అంబేడ్కర్‌గా రాజ్యాంగ సభలో లేచి జవాబు చెబుతుంటే, పోలీసు ఉద్యోగానికి చదువుకుంటున్న మా చెల్లెలొకరు నోట్సు రాసుకుంది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. వీటిని తీసింది మనవాళ్లు కాదు. దుఖీ చచ్చిపోతాడు, నత్థూ కుమిలిపోతాడు. మనం చావడానికీ ఏడవడానికీ తప్ప తెర మీదికి రామా అని అడగాల్సిందే. నేనూ అడుగుతాను. కానీ అడగాలన్నా ముందు చూసుండాలి కదా.

"అన్నా, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, ఈ చెత్తంతా ఎందుకు?" అంటారు తమ్ముళ్లు. కొన్ని ఉన్నాయి. ఎవరో ఎక్కించినంత కాలం ఉంటాయి, తీసేసిన రోజు పోతాయి. రాజ్యసభ టీవీ అన్న పేరే 2021లో పోయింది, సంసద్ టీవీలో కలిసింది. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అనే యాప్ తెచ్చి పాత సీరియళ్లు పెడుతోంది. మంచిదే. చర్ల దాటి లోపలి గూడేలకు పోయి ఫోన్ తీసి చూడండి, సిగ్నల్ ఎన్ని గీతలుందో. ఇంకొకరి యాప్‌లో ఉన్నది చూడనిస్తే చూస్తాం. మన పెట్టెలో ఉన్నది మనది. సాగు చేసుకుంటున్నామంటే ఒప్పుకోక పట్టా చూపించమని అడుగుతున్నారే, ఇదీ అట్టాంటిదే.

చవకగా దొరికే కాలం కూడా అయిపోతోంది. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. అప్పటిదాకా దొంగ సీడీలే దిక్కైన కూలి ఇళ్లలోకి అసలు డిస్కు వచ్చింది అప్పుడే. 2018లో ఆ కంపెనీ దివాలా తీసింది. షాపులు మూతబడ్డాయి. మిగిలిన సరుకు కిలోల లెక్కన పోతోంది, చేలల్లో వేలాడుతోంది.

కాబట్టి ఏరుకునేవాళ్లకు నాలుగు మాటలు. డిస్కు అడుగుభాగం వెండిలా ఉంటే కంపెనీ సరుకు. ఊదా రంగో నీలమో కొడుతుంటే రైట్ చేసింది, అది త్వరగా పోతుంది, ముందు దాన్నే కాపీ చెయ్యాలి. వెలుతురుకు ఎత్తి చూడండి. సూది బెజ్జాల్లా కాంతి వస్తే పైపొర పోయినట్టే, ఐదు రూపాయలకూ వద్దు. పెట్టె కొంటే డిస్కుల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోండి, చాలాసార్లు ఒకటి రెండు మాయమై ఉంటాయి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా రుద్దొద్దు. మన వానాకాలం తేమకు బూజు పడుతుంది, ట్రంకు పెట్టెను నేల మీద పెట్టకండి. తెచ్చిన వారంలో రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. అమ్ముకోవడానికి కాదు, పోకుండా ఉండటానికి.

దీనికన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. కారంచేడు 1985, చుండూరు 1991, దండోరా 1994. వాటి తర్వాత ఊరూరా జరిగిన సభలను పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లను పిలిచి తీయించుకున్నాం. ఆ క్యాసెట్లు ఎక్కడున్నాయి? పెద్దమనుషుల ఇళ్లలో, అటక మీద, బియ్యం బస్తాల వెనక. కొందరు పోయారు, పిల్లలు ఇల్లు కడుతూ పారేశారు. వాటికి యూట్యూబ్ లేదు, కంపెనీ లేదు, లాక్‌డౌన్‌లో మళ్లీ వేసే టీవీ లేదు. పోతే పోయినట్టే.

విద్యార్థి సంఘాలను అడుగుతున్నాను. ప్రతి హాస్టల్‌లో, ప్రతి అంబేడ్కర్ సంఘం ఆఫీసులో ఒక్క అల్మారా పెట్టండి. నెలకొక రాత్రి ఒకటి వేసి, కలిసి చూడండి, పక్కన నిలబడి మన మాటల్లో చెప్పండి. ఈ సెలవుల్లో మీ వాడలో ఒక్క అటక దించండి. దూరదర్శన్ దగ్గరున్న మన జనం బొమ్మలు మా డబ్బుతో తీసినవే, మా భాషలో మాకివ్వండని సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పెట్టండి.

నా సద్గతి డిస్కు మొన్నటి నుంచి నలభయ్యో నిమిషం దగ్గర ఆగి ఆగి ఆడుతోంది. కాపీ తీసి పెట్టాను. మీ ఇంట్లో ఏమున్నాయో వెతికి రాయండి.

వచ్చే వారం తప్పకుండా పట్టాల సంగతే.

జై భీమ్.