ఎర్రచుక్క చూపించనిది

బంగారుపాళ్యం మండలంలో అడవికీ మామిడి తోటకూ మధ్య గోడేమీ లేదు. మొగిలి ఘాట్ పక్కనున్న గుట్టల నుంచి అడవి పందులు దిగుతాయి. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులూ వస్తాయి. అందుకే రాత్రిపూట తోటల్లో మనుషులుంటారు. ఒకరు కాపలాకు, ఒకరు మోటారు ఆపడానికి. అదే చీకట్లో తలకు టార్చి కట్టుకుని, నాటు తుపాకీ పట్టుకుని వేటగాడూ తిరుగుతాడు.

అతడి చేతికి ఇప్పుడు కొత్త పరికరం అందే వీలుంది. గురి చూసే స్కోపులు, ఎర్రచుక్కతో గురి చూపే రెడ్‌డాట్ సైట్లు ఎయిర్‌గన్ సామాను పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పిస్తోలుకు వీటిని బిగించి జింకలను వేటాడటం చట్టబద్ధమే. ఆ వీడియోలు మన కుర్రాళ్ల ఫోన్లలోనూ తిరుగుతాయి. అయితే అక్కడ తుపాకీ సీజన్‌లో వేటగాడు దూరానికే కనబడేలా నారింజ రంగు చొక్కా వేసుకోవాలని అనేక రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. మన కాపలాదారు కప్పుకునేది నల్ల గొంగడి.

సైటు చేసే పని ఒక్కటే: తూటా ఎక్కడ తగలాలో చూపడం. అక్కడున్నది పందో మనిషో అది చెప్పదు, వెనకాల ఎవరున్నారో అసలే చెప్పదు. చెయ్యి చాచి పట్టిన పిస్తోలు వణుకుతుంది, స్కోపు ఆ వణుకునూ పెద్దది చేస్తుంది. చూపు ఇరుకైపోయి పక్కన కదిలేది కనబడదు. చీకట్లో చుక్క వెలుగు ఎక్కువైతే ఎదుటి ఆకారమే మసకబారుతుంది. ఇక నాటు తుపాకీ సంగతి. తుపాకీమందు కూరిన ఆ గొట్టం ఒక్కోసారి ఒక్కోలా పేలుతుంది, ఎంత మంచి అద్దం బిగించినా గురి కుదరదు. వేటగాడికి పెరిగేది ధైర్యమే. ఆ ధైర్యంతోనే అతడు మునుపు వదిలేసిన దూరానికీ కాలుస్తాడు. చిన్నదనుకునే పాయింట్ 22 తూటా కూడా కిలోమీటరుకు పైగా పోగలదు. అంత దూరంలో ఇక్కడ ఎన్ని తోటలుంటాయో స్థానికులకు చెప్పనక్కర్లేదు.

1991 సవరణతో వన్యప్రాణి చట్టం లైసెన్సు వేటను కూడా ఆపేసింది. లైసెన్సు లేని తుపాకీ దొరికితే రెండు నుంచి ఐదేళ్ల జైలు. పంట పాడుచేసే జంతువు విషయంలో అనుమతిచ్చే అధికారం వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అధికారులకుంది, కానీ రైతు అర్జీ కదలకపోతే దొంగవేటగాడే అతడికి దిక్కవుతాడు.

అటవీశాఖ ఆ అర్జీలకు గడువులోగా జవాబివ్వాలి. పోలీసులు నాటు తుపాకులను అప్పగించేందుకు ఊరూరా అవకాశమిచ్చి, ఆ తర్వాత సోదాలు చేయాలి. మామిడి కాపలా మొదలవకముందే ఈ రెండూ జరగాలి.