ఆ తలుపు రాజుగారి మాటకే తెరుచుకోవాలా?

మేము చెన్నైలో వేదాంత విద్యార్థులుగా ఉన్న రోజులవి. వేసవి సెలవులకు హాస్టల్ మూసేస్తే, రెండు నెలలకు ఒక గది కోసం స్నేహితులం ఇద్దరం మైలాపూర్, మందవెలి వీధులన్నీ తిరిగాం. ఒక ఇంటి ముందు ‘టు లెట్’ బోర్డు కనిపించింది. తలుపు తీసిన పెద్దావిడ మర్యాదగానే మాట్లాడింది. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఏం చదువుతున్నారు, మాంసం తింటారా అని వరసగా అడిగింది. మా జవాబులు పూర్తయ్యేసరికి, గది వేరేవాళ్లకు మాటిచ్చేశామంది.

అంతలో మేడ మీది నుంచి ఒక యూరప్ అమ్మాయి దిగి వచ్చింది. యోగా నేర్చుకోవడానికి మూడు నెలలు వచ్చిందట. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, ఇడ్లీలు చల్లారిపోతున్నాయని లోపలికి తీసుకెళ్లింది. వారం తర్వాత అటుగా వెళ్తే బోర్డు ఇంకా అక్కడే వేలాడుతోంది.

ఆ రోజు మాకు యోగా మీద కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆ కోపం పడాల్సిన చోట పడలేదనిపిస్తోంది.

2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. అప్పటి నుంచి ఏటా జూన్ వచ్చిందంటే మన యౌవనస్థుల కూటాల్లో ఒకటే చర్చ: క్రైస్తవులు యోగా చేయవచ్చా? యోగా కోసం వచ్చిన విదేశీయులకు మన ఇంట్లో చోటివ్వవచ్చా? ఈ ప్రశ్నలు అడగాల్సినవే. అయితే వీటి వెనక ఇంకో ప్రశ్న దాగి ఉంది. ఎవరి ఇంటి తలుపు ఎవరికి తెరుచుకుంటోంది?

చెన్నై యోగా చరిత్రలోనే ఈ ప్రశ్న ఉంది. తిరుమలై కృష్ణమాచార్య 1930లలో మైసూరు మహారాజు ఆశ్రయంలో యోగా నేర్పేవారు. రీగా నగరంలో పుట్టిన ఇంద్రాదేవి అనే యూరప్ మహిళ శిష్యురాలిగా చేర్చుకోమని అడిగితే ఆయన మొదట ఒప్పుకోలేదు. ఆమె విదేశీయురాలు, పైగా స్త్రీ. చివరికి రాజుగారు చెబితే తలుపు తెరిచారు. ఆ తర్వాత కృష్ణమాచార్య మద్రాసుకు వచ్చి స్థిరపడ్డారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో కృష్ణమాచార్య యోగ మందిరాన్ని స్థాపించారు. ఒక్కొక్కరి వయసును, ఆరోగ్యాన్ని, శక్తిని బట్టి నేర్పడం వారి పద్ధతి. దాన్ని వెతుక్కుంటూ ఎన్నో దేశాలవాళ్లు ఇక్కడికి వచ్చారు. అంటే ఒకప్పుడు కట్టుబాటు అనుకున్నది మనుషులు తలచుకుంటే మారింది.

మరి మన పిల్లల కోసం ఎందుకు మారదు? వాళ్ల తరఫున చెప్పే రాజు లేడు కనుకనా?

విదేశీయులకు యోగా కోసం రావడం నేడు సులువే. కొద్దికాలపు యోగా శిక్షణకు పర్యాటక వీసా చాలు. బస ఇచ్చిన ఇంటివారు 24 గంటల్లో అధికారులకు సమాచారం పంపాలి, అంతే. పాలమూరు నుంచో ప్రకాశం నుంచో చదువుకు వచ్చిన దళిత విద్యార్థికి ఏ వీసా అక్కర్లేదు. కానీ ప్రతి గడప దగ్గరా కులం చెప్పుకోవాలి. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు చాలాసార్లు కులాన్ని అడిగే మర్యాదైన పద్ధతి. ఢిల్లీ పరిసర నగరాల్లో ఇల్లు అద్దెకు వెతికేవారిపై సుఖదేవ్ థోరట్ బృందం చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. దళితులకు, ముస్లింలకు అక్కడ ఎదురైన నిరాకరణలను అది బయటపెట్టింది. మన పరిస్థితి మరీ విచిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. అద్దె గది గుమ్మం ముందు మాత్రం దళితుడే.

ఇంతవరకు వేలు ఎదుటివారి వైపే చూపించాం. ఇక మన వైపు తిప్పుకుందాం. మేము సేవ మొదలుపెట్టిన రోజుల్లో మా సంఘంలో కూటాలు జరిగాయి. విదేశీ బోధకునికి ఏసీ గది, కొత్త దుప్పట్లు సిద్ధం చేశాం. అవే కూటాలకు పల్లె నుంచి వచ్చిన వృద్ధ సువార్తికునికి మందిరంలో చాప పరిచాం. ఆయన ఒక్క మాటా అనలేదు. తెల్లారి ఆ చాప చుట్టి మూలన పెట్టి, ప్రార్థన చేసుకుని బస్సెక్కి వెళ్లిపోయారు. మైలాపూర్ పెద్దావిడకూ మాకూ తేడా ఏమిటో ఆ రోజు మాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది, తేడా లేదని.

అబ్రాహాము గుడారం ముందు నిలబడిన ముగ్గురిని వంశం అడగలేదు. పరదేశిని చేర్చుకున్నామా లేదా అన్నదే తీర్పుదినాన మనల్ని అడిగే ప్రశ్నల్లో ఒకటని ప్రభువు చెప్పాడు. అంతేకాదు, శిష్యులను పంపినప్పుడు వాళ్లను అతిథులుగానే పంపాడు. ఎవరి ఇంట దిగితే ఆ ఇంట ఉండి, పెట్టింది తినమన్నాడు. మందవెలి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే శాంతోమ్ ఉంది. తోమా సమాధి అక్కడే ఉందని మన సంప్రదాయం. ఆ సంప్రదాయం ప్రకారం చూస్తే సువార్త ఈ నేలకు వచ్చిందే ఒక పరదేశి వెంట. అతనికి ఎవరో ఒకరు చోటిచ్చే ఉంటారు కదా!

యోగా చేయాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వాళ్లు ప్రభువు ఎదుట తేల్చుకోవాలి. చేసేవారిని చేయనివారు తీర్పు తీర్చవద్దు, చేయనివారిని చేసేవారు చులకన చేయవద్దు. రోమా సంఘంలో ఆహారం గురించి తగవు వచ్చినప్పుడు పౌలు చూపిన దారి అదే. యోగా విద్యార్థి మన ఇంటికి వస్తే చట్టం చెప్పిన వివరాలు పంపి, న్యాయమైన అద్దె తీసుకుని, మన భోజనమే పెడదాం. మనం రోజూ చూసే చెన్నైని, పేటలను, అక్కడి పిల్లలను కూడా చూపిద్దాం.

దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. చెన్నైలో, హైదరాబాదులో, విజయవాడలో మన సంఘాల విశ్వాసుల ఇళ్లలో ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో లెక్క వేయండి. ఈ జూన్‌లో కాలేజీకి వచ్చే మొదటి తరం విద్యార్థులకు వాటిని ఇవ్వండి. యౌవనస్థులారా, ఆ జాబితా రాసే పని మీరు తీసుకోండి. అందులో పేరు, ఊరు, చదువు రాయడానికి గళ్లు పెట్టండి. కులానికి గడి పెట్టకండి.

మొదటి పేరు మా ఇంటిదే రాసుకోండి. గది చిన్నదే గాని మంచం ఉంది. ఈసారి ఎవరికీ చాప పరచం.