ఆట మీద నెపం వేస్తే సరిపోదు

2022 జూన్‌లో లక్నోలో పదహారేళ్ల బాలుడు కన్నతల్లిని కాల్చి చంపాడన్న వార్త దేశాన్ని కలచివేసింది. పబ్‌జీ ఆడొద్దని మందలించినందుకే ఈ ఘోరానికి ఒడిగట్టాడని పోలీసులు మొదట చెప్పడంతో పత్రికల్లో, టీవీల్లో ఆ ఆట పేరే మార్మోగింది. 2020లోనే నిషేధించిన ఆట పిల్లలకు ఎలా అందుతోందని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కేంద్ర ఐటీ శాఖను అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. అయితే తండ్రి పేరిట లైసెన్సు ఉన్న పిస్తోలు ఒక మైనర్ చేతికి ఎలా అందిందన్న ప్రశ్న అంత గట్టిగా వినిపించలేదు. తెరమీది తుపాకీ గురించి అంత మాట్లాడిన మనం ఇంట్లోని తుపాకీ గురించి దాదాపు మాట్లాడలేదు.

హింసాత్మక వీడియో గేములు పిల్లల్ని నేరస్థులుగా మారుస్తాయా? ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో అందుకు రుజువు లేదు. అలాగని గేములతో పిల్లలకు ఏ నష్టమూ లేదని కూడా అవి చెప్పడం లేదు. నష్టం ఉంది. కానీ మనం దాన్ని వెతకాల్సిన చోట వెతకడం లేదు. అందుకే ప్రతి దారుణం తర్వాతా ఆటను తిట్టిపోసి ఊరుకుంటున్నాం.

ఈ వాదన కొత్తది కాదు. మోర్టల్ కాంబాట్ గేములో పారే నెత్తురు చూసి అమెరికా సెనేట్ 1993లో విచారణ జరిపింది. దాని ఫలితంగా మరుసటి ఏడాదే గేములకు వయసుల వారీ రేటింగ్ ఇచ్చే వ్యవస్థ ఏర్పడింది. 1999లో అక్కడి కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిపిన ఇద్దరు విద్యార్థులూ డూమ్ ఆట ఆడేవారని తెలియగానే దోషి దొరికాడన్నట్లుగా చర్చ సాగింది. హింసాత్మక గేములను మైనర్లకు అమ్మరాదంటూ కాలిఫోర్నియా 2005లో చట్టం చేసింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ అందుకు ప్రధాన ఆధారం. ఆటే హింసకు కారణమవుతోందని రాష్ట్రం చూపిన అధ్యయనాలు నిరూపించలేకపోయాయని కూడా కోర్టు స్పష్టం చేసింది.

మరి శాస్త్రవేత్తలు ఏమంటున్నారు? వారిలోనూ ఏకాభిప్రాయం లేదు. అమెరికా మనస్తత్వవేత్త క్రెయిగ్ ఆండర్సన్ బృందం 2010లో లక్షా 30 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి, హింసాత్మక గేములకూ దూకుడు ప్రవర్తనకూ సంబంధం ఉందని తేల్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ, కార్డిఫ్‌కు చెందిన నెట్టా వైన్‌స్టీన్ 2019లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నంగా తేల్చింది. 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు వెయ్యి మందిని వారు పరిశీలించారు. పిల్లల ప్రవర్తన గురించి తల్లిదండ్రులను అడిగారు. ఆటలో హింస ఎంతన్నది అధికారిక రేటింగుల ఆధారంగా లెక్కగట్టారు. ఏ విశ్లేషణ చేస్తామన్నది ముందే నమోదు చేసి మరీ చేశారు. హింసాత్మక ఆటలకూ పిల్లల దూకుడుకూ సంబంధం కనిపించలేదు.

ఈ తేడా ఎందుకో అర్థం కావాలంటే దూకుడును ఎలా కొలుస్తారో చూడాలి. ప్రయోగశాలలో ఎవరి చేతా ఎవరినీ కొట్టించలేరు. అందుకని ఆట ముగిశాక, అవతలి గదిలోని వ్యక్తికి హెడ్‌ఫోన్‌లో ఎంత పెద్ద మోత వినిపిస్తావనో, కారం అంటే పడని మనిషి చేత ఎంత ఘాటు సాస్ తినిపిస్తావనో అడుగుతారు. మోత కాస్త పెంచితే దూకుడు పెరిగినట్లు లెక్క. ఈ కొలతలకు విలువ లేదని కాదు. అయితే సాస్ రెండు చెంచాలు ఎక్కువ వేయడానికీ కత్తి పట్టడానికీ మధ్య ఉన్న దూరాన్ని అవి చెప్పలేవు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన వైఖరిని సవరించుకున్నప్పుడు చెప్పిందీ ఇదే. అరవడం, తోసేయడం వంటి దురుసుతనంతో ఈ గేములకు చిన్నపాటి సంబంధం ఉంది గానీ, హింసాత్మక నేరాలకు వీటినే కారణంగా చూపేంత ఆధారం లేదని పేర్కొంది. గేములంటే ప్రాణమిచ్చే జపాన్, దక్షిణ కొరియాల్లో హత్యల రేటు ప్రపంచంలోనే అతి తక్కువ అన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇంతటితో గేములను నిర్దోషులని తేల్చేయడం కూడా తప్పే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలను ఇద్దరిద్దరు చొప్పున కూర్చోబెట్టి, కొందరికి తుపాకులతో చంపేలా మార్చిన మైన్‌క్రాఫ్ట్ ఆటను, కొందరికి కత్తులతో చంపేదాన్ని, మరికొందరికి ఏ హింసా లేనిదాన్ని ఇచ్చారు. తర్వాత వారిని బొమ్మలున్న గదిలోకి పంపారు. అక్కడి బీరువాలో పేలకుండా చేసిన అసలు తుపాకులు పెట్టారు. ఆ తుపాకులు కంటపడిన పిల్లల్లో, హింస లేని ఆట బృందంలో 44 శాతం మంది వాటిని ముట్టుకున్నారు. తుపాకుల ఆట బృందంలో 62 శాతం మంది ముట్టుకున్నారు. ఆట ప్రభావం ఇందులో కనిపిస్తూనే ఉంది. దాంతోపాటే ఇంకోటీ కనిపిస్తోంది. ఏ హింసా చూడని పిల్లల్లోనూ దాదాపు సగం మంది తుపాకీ అందితే చేతిలోకి తీసుకున్నారు. బీరువాకు తాళం వేసి ఉంటే అన్ని బృందాల్లోనూ ఆ సంఖ్య సున్నాయే.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. పిల్లవాడు ఫోన్ విసిరికొట్టాడనో, తల్లి మీద చెయ్యెత్తాడనో, అన్నం మానేసి తలుపు వేసుకున్నాడనో వింటుంటాం. ఇవన్నీ దాదాపుగా ఒకే ఘడియలో జరుగుతాయి. ఆట ఆపించిన ఘడియలో. పబ్‌జీ తరహా ఆటలో వంద మంది దిగుతారు. ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో ఆపి, మళ్లీ వచ్చి కొనసాగించే వీలుండదు. నలుగురి జట్టులో ఒకడు తప్పుకుంటే మిగతా ముగ్గురూ చిక్కుల్లో పడతారు. ‘అన్నానికి రారా’ అని అమ్మ పిలిచే వేళకు మిగిలింది పదిమందే కావచ్చు. ‘ఐదు నిమిషాలమ్మా, మ్యాచ్ అయిపోతోంది’ అంటాడు. ఆ ఐదు నిమిషాలు పావుగంట అవుతాయి. అమ్మ వచ్చి ఫోన్ లాక్కుంటుంది. గల్లీ క్రికెట్‌లో చివరి ఓవర్ ఆడుతున్నవాడి చేతిలోంచి బ్యాట్ లాక్కుంటే వచ్చేది ఎలాంటి కోపమో ఇదీ అలాంటిదే. అయితే ఇక్కడ ఆట ఎప్పటికీ ముగియదు. ఒక మ్యాచ్ కాగానే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది.

ఈ కోపానికి మూలం తుపాకీ కాదనడానికి ఆధారం ఉంది. ప్రిజిబిల్‌స్కీయే మరికొందరితో కలిసి 2014లో వెలువరించిన అధ్యయనంలో, పైనుంచి పడే ముక్కలను పేర్చే, రక్తపు చుక్క కనిపించని టెట్రిస్ ఆటను కూడా వాడారు. ఎప్పుడూ అక్కరకు రాని ముక్కలే పడేలా దాన్ని మార్చారు. ఆడినవారు చిర్రుబుర్రులాడారు. చేతకానివాళ్లమన్న భావన కలిగించే ఆట ఏదైనా, అందులో హింస ఉన్నా లేకున్నా, చిరాకు రేపుతుందని వారు తేల్చారు. పిల్లల కోపానికి మందు వెతికేవారు తెరమీద ఏం కనబడుతోందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆట ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగనివ్వకుండా ఎలా కట్టిపడేస్తుంది అన్నది చూడాలి.

అసలు నష్టాలూ అక్కడే ఉన్నాయి. అర్ధరాత్రి దాటినా పడుకోని పిల్లవాడు పొద్దున క్లాసులో తూగుతాడు, చీటికీమాటికీ కసురుకుంటాడు. ఆ విసుగులో సగం నిద్రలేమిదే. హెడ్‌సెట్‌లో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు బూతులు తిడుతుంటే పదేళ్లవాడు వింటుంటాడు. తుపాకీకి కొత్త రంగు కోసం అమ్మ యూపీఐ నుంచి డబ్బు జారిపోతుంది. ఆట మీద అదుపు పోవడం, చదువూ తిండీ స్నేహాలూ అన్నీ దాని తర్వాతే కావడం, హాని జరుగుతున్నా ఆపలేకపోవడం ఏడాది పాటు సాగితే దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఇలాంటివారి కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2014 నుంచే షట్ క్లినిక్ నడుపుతోంది. తెలుగు జిల్లాల్లో ఎంతమంది తల్లిదండ్రులకు అలాంటి వైద్యుడు అందుబాటులో ఉన్నాడు?

ప్రభుత్వాలు చేసిందేమిటి? 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీని నిషేధించి, ఆడుతున్న విద్యార్థులను అరెస్టు చేశారు. కేంద్రం 2020 సెప్టెంబరులో ఆ ఆటను నిలిపివేసింది. దానికి చూపిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత. పిల్లలు, హింస కాదు. 2021లో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తిరిగివచ్చింది. అందులో నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. మైనర్ ఆడాలంటే తల్లిదండ్రుల ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. చాలా ఇళ్లలో ఆడేది అమ్మ ఫోన్‌లోనే. ఆ ఓటీపీ నేరుగా పిల్లవాడి చేతికే వస్తుంది. 2022 జులైలో మళ్లీ తొలగించి, 2023 మేలో మైనర్లకు రోజుకు మూడు గంటల పరిమితితో అనుమతించారు. స్కూలుకెళ్లే పిల్లవాడికి రోజుకు మూడు గంటలు పరిమితి ఎలా అవుతుంది? 2025 ఆగస్టు నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడగల మంచి అడుగు అది. కానీ ఏ ఆట ఏ వయసువారికి తగినదన్న ప్రశ్నకు మన దేశం ఇంకా సొంత జవాబు ఇవ్వలేదు.

నిషేధం కూడా జవాబు కాదు. పదహారేళ్లలోపు వారు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆడకుండా దక్షిణ కొరియా 2011లో చట్టం తెచ్చింది. పదేళ్ల తర్వాత దాన్ని రద్దు చేసి, సమయాన్ని కుటుంబాలే నిర్ణయించుకునే పద్ధతికి మారింది. పిల్లలు పెద్దల గుర్తింపు సంఖ్యలతో లాగిన్ కావడం అక్కడ అందరికీ తెలిసిన సంగతే.

చేయదగినవి ఉన్నాయి. సినిమాకు సెన్సార్ బోర్డు 7, 13, 16 ఏళ్ల వర్గాలుగా యూఏ సర్టిఫికెట్లు ఇస్తోంది. సలార్ సినిమాకు ఏ సర్టిఫికెట్ వచ్చిందో మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలుసు. కొడుకు రోజూ ఆడే ఆటకు ఏ రేటింగ్ ఉందో తెలిసినవారు అరుదు. యాప్ స్టోర్లో కనిపించే ఆ చిన్న అంకె కంపెనీ తానే నింపిన ప్రశ్నావళిని బట్టి వచ్చేదే. ప్రతి ఆటకూ తగిన వయసేమిటో, హింస స్థాయి ఎంతో, డబ్బు ఖర్చయ్యే అవకాశం, అపరిచితులతో మాట్లాడే వీలు ఉన్నాయో లేదో తెలుగులో, తెర తెరవగానే కనిపించేలా చెప్పాలని చట్టం శాసించాలి. ఇళ్లలో నియమం నిమిషాల్లో కాక మ్యాచ్‌ల్లో ఉండాలి. హోంవర్కు తర్వాత ఒకటో రెండో మ్యాచ్‌లు, మధ్యలో లాక్కోవడం లేదు, ముగిశాక ఇంకోటి లేదు. రాత్రి ఫోన్ పెద్దల గదిలో ఉండాలి. వారానికి ఒకసారైనా నాన్నో అమ్మో పక్కన కూర్చుని ఆ ఆట చూడాలి. హెడ్‌సెట్ తీయించి అందులోని మాటలు వినాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. హింసను పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది తెర మీద కాదు. తండ్రి తల్లిని కొట్టే ఇంట్లో, బెత్తంతో చదువు చెప్పే బడిలో నేర్చుకుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో దండనను నిషేధించినా అది ఆగలేదు. గేమ్ హింస గురించి ఆందోళన పడే ప్రతి ఒక్కరూ ముందుగా ఈ హింసను ఆపాలి. పిల్లలకు ఫోన్ బయట ఆడుకునే చోటూ కావాలి. అపార్ట్‌మెంట్లలో నడిచే బడులకు, ఆదివారం కూడా స్టడీ అవర్లు పెట్టే హాస్టళ్లకు అనుమతులు ఇచ్చేటప్పుడు ఆటస్థలం ఉందా లేదా అని రాష్ట్ర ప్రభుత్వాలు నిజంగా తనిఖీ చేయాలి. మండలానికొక కౌన్సెలర్‌ను నియమించాలి. ఇందుకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఫోన్ లాక్కోవడం ఎవరైనా చేయగలరు. దాని బదులు పిల్లవాడికి మైదానాన్ని, తోటి స్నేహితులను, కొట్టని ఇంటిని, తిట్టని బడిని ఇచ్చినప్పుడే మనం వాడిని హింస నుంచి కాపాడినట్లు.