ప్రభువు ఏకాంతం, మన సెల్‌ఫోన్

కపెర్నహూములో ఆ విశ్రాంతిదినాన యేసుప్రభువుకు క్షణం తీరిక లేదు. సమాజమందిరంలో బోధించాడు, అపవిత్రాత్మ పట్టినవాణ్ణి విడిపించాడు, జ్వరంతో పడివున్న సీమోను అత్తగారిని బాగుచేశాడు. పొద్దుగూకాక ఊరు ఊరంతా రోగుల్ని వెంటబెట్టుకుని ఆ ఇంటి వాకిట్లో నిలబడింది. అంత అలసటలోనూ మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి, నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. సీమోను, అతని తోటివారు వెదుక్కుంటూ వచ్చి, జనమంతా ఆయన కోసమే చూస్తున్నారని చెప్పారు. అయినా ప్రభువు ఆ జనం దగ్గరికి తిరిగి వెళ్లలేదు, చుట్టుపక్కల గ్రామాలకు ప్రయాణమయ్యాడు (మార్కు 1:21-39). అది నిర్లక్ష్యమని ఆ ఊరివారు అనుకునే ఉంటారు. కానీ తానెందుకు వచ్చాడో, ఎటు వెళ్లాలో ఆ వేకువన తండ్రి సన్నిధిలో ఉన్న ఆయనకు స్పష్టంగా తెలుసు.

జనం మనకోసం వెదుకుతున్నారని చెప్పడానికి ఇప్పుడు సీమోను రానక్కర్లేదు. జేబులోని ఫోను నిమిషానికోసారి ఆ కబురే చెబుతోంది. వేలితో తోసేకొద్దీ అంతులేకుండా కొత్త విషయాలు వచ్చిపడే పద్ధతిని 2006లో రూపొందించిన అమెరికా డిజైనర్ అజా రాస్కిన్, అది మనుషుల సమయాన్ని ఎలా మింగేస్తోందో చూసి తర్వాత బహిరంగంగానే విచారం వ్యక్తం చేశాడు. దినపత్రికకైనా ఆఖరి పేజీ అంటూ ఒకటి ఉంటుంది, దానికి అదీ లేదు. అలాగని నేను ఫోనుకు విరోధిని కాను. 2020లో కరోనా వేళ చర్చి తలుపులు మూసినప్పుడు మా ఆరాధన నడిచింది దానిలోనే.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో మంచానపడిన ఒక పెద్దావిడను చూడటానికి వెళ్లాను. ఆమె నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అంతలో జేబులో ఫోను కదిలింది. తీసి చూస్తే, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన శుభోదయం బొమ్మ! తలెత్తి, 'చెప్పండమ్మా' అన్నాను. 'ఏం లేదులెండి అయ్యగారూ, మీకు బోలెడు పనులుంటాయి' అంటూ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసి వచ్చేశాను. మూడోనాడు ఆమె సమాధి కార్యక్రమం నేనే జరిపించాల్సి వచ్చింది. అంతా అయ్యాక కూతురు నా దగ్గరికొచ్చి, 'మీరొచ్చారని అమ్మ చాలా సంతోషపడిందండీ, మీతో ఏమైనా చెప్పిందా?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారం నుంచి, రోగుల్ని పరామర్శించడానికి వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లోనే ఉంచి వెళ్తున్నాను. రాత్రి భోజనమయ్యాక బీరువాలో పెడితే ఉదయ ప్రార్థన ముగిశాకే మళ్లీ తీసేది. వేకువన లేపడానికి పాత అలారం గడియారం బాగుచేయించాను. మొదట్లో చెయ్యి ఊరికే ఖాళీ జేబును తడుముకునేది. అత్యవసరమైతే మా ఆవిడ నంబరుకు చేయమని సంఘానికి చెప్పాను. మొదటి నెలలో అలా వచ్చిన ఫోన్లు రెండే.